సిమెంట్ కిల్న్ డీసీ మోటారు: స్టార్ట్ చేసే ముందు తనిఖీ, పవర్ ఇచ్చే పద్ధతిపై తరచుగా అడిగే ప్రశ్నలు

పల్నాడు, నల్లగొండ, తాండూరు, తాడిపత్రి ప్రాంతాల సున్నపురాతి నేలల్లో సిమెంట్ కర్మాగారాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో కిల్న్‌ను (సున్నపురాయి మిశ్రమాన్ని కాల్చే, నెమ్మదిగా తిరిగే పెద్ద గొట్టపు కొలిమిని) తిప్పే ప్రధాన మోటారు కొన్నిచోట్ల ఇప్పటికీ డీసీ మోటారే. పెద్ద షట్‌డౌన్ ముగిశాకో, వానాకాలమంతా నిలిచిపోయిన లైనును మళ్లీ నడపాల్సి వచ్చినప్పుడో ఈ మోటారుకు పవర్ ఇచ్చే బాధ్యత ఎలక్ట్రికల్ విభాగం మీద పడుతుంది. అప్పుడు ఇంజనీర్లు, టెక్నీషియన్లు, కొత్తగా చేరిన డిప్లొమా ట్రైనీలు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఉదాహరణల్లోని అంకెలు సాధారణంగా కనిపించే విలువలు మాత్రమే. మీ మోటారు నేమ్‌ప్లేటు, తయారీదారు మాన్యువల్ వేరే విలువ చెబితే దానినే పాటించాలి.

ఏసీ డ్రైవ్‌లు ఇంతగా వచ్చాక కూడా కిల్న్‌కు డీసీ మోటారు ఎందుకు ఉంది?

కిల్న్ కదలాలంటే మొదట్లో చాలా టార్క్ (తిప్పే బలం) కావాలి. నడిచేటప్పటి టార్క్‌కు దాదాపు రెండున్నర రెట్లు అవసరమవుతుందని లెక్కవేసి మోటారును ఎంపిక చేస్తారు. తర్వాత గంటల తరబడి నెమ్మదిగా, వేగాన్ని చిన్నచిన్న మెట్లలో మారుస్తూ తిప్పాలి. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వోల్టేజిని మార్చి వేగాన్ని నియంత్రించే పద్ధతికి వార్డ్ లియోనార్డ్ 1891లో పేటెంటు పొందాడు. ఆ తర్వాత చాలాకాలం పాటు, థైరిస్టర్ డ్రైవ్‌లు (ఏసీని కావలసినంత డీసీగా మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్లు) వచ్చాక కూడా, ఈ పనికి డీసీ మోటారుకు సాటి దొరకలేదు. కొత్త ప్లాంట్లు ఏసీ మోటార్లనే పెడుతున్నాయి. బాగా చూసుకుంటే దశాబ్దాలు పనిచేసే పాత మోటారును మాత్రం ఎవరూ తొందరపడి తీసేయరు.

బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేశాం. ఇక మోటారు కవరు తీయవచ్చా?

తీయకూడదు. డీసీ మోటారుకు సరఫరా ఒకే దారిలో రాదు. ఆర్మేచర్‌కు ఒక సరఫరా, ఫీల్డ్‌కు (అయస్కాంతత్వం పుట్టించే స్థిర కాయిళ్లకు) ఇంకొకటి వస్తాయి. చల్లబరిచే బ్లోయరు వేరే ఫీడరు మీద ఉంటుంది. తేమ పట్టకుండా మోటారు లోపల పెట్టిన స్పేస్ హీటరుకు సాధారణంగా లైటింగ్ బోర్డు నుంచో, సహాయక ప్యానెల్ నుంచో 230 వోల్టులు వస్తాయి. బ్రేకు ఉంటే దాని కాయిల్‌కు మరో సరఫరా ఉంటుంది. హీటరు ఇంటర్‌లాక్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా ప్యానెళ్లలో మెయిన్ బ్రేకరు తెరుచుకున్న క్షణంలోనే హీటరు ఆన్ అయ్యేలా వైరింగ్ చేస్తారు. అంటే మీరు మోటారును ఆపి, ఇక భద్రంగా ఉందనుకున్న నిమిషంలోనే టెర్మినల్ బాక్సులో 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి.

అందుకే పని మొదలుపెట్టడానికి అనుమతి ఇచ్చే పర్మిట్ కాగితంలో ఒక్క బ్రేకరు నంబరు రాసి వదిలేస్తే చాలదు. పైన చెప్పిన ప్రతి సరఫరా ఎక్కడి నుంచి వస్తుందో డ్రాయింగులో చూసి, వాటిలో ప్రతిదానికీ తాళం, ట్యాగు వేయాలి. తాళంచెవి పని చేసే మనిషి దగ్గరే ఉండాలి. ఆ తర్వాత టెస్టరును తెలిసిన లైవ్ పాయింటు దగ్గర పరీక్షించాలి. దానితో టెర్మినళ్లన్నిటినీ డీసీలోనూ ఏసీలోనూ చూసి, టెస్టరును మళ్లీ లైవ్ పాయింటు దగ్గర సరిచూసుకోవాలి. ఏసీ రేంజిలో మాత్రమే చూసి ఏమీ లేదని చెప్పడం డీసీ ప్యానెల్ దగ్గర ప్రాణాపాయం తెస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి తెచ్చింది. వాటి ప్రకారం ఇలాంటి పనిని సంస్థ అధికారికంగా నియమించిన, శిక్షణ పొందిన వ్యక్తులే చేయాలి. సహాయకులను పంపి కవరు తీయించే అలవాటు ఎక్కడున్నా మానుకోవాలి.

సరఫరాలన్నీ తీసేశాక కూడా ఆర్మేచర్ తిరిగే అవకాశం ఉందా?

కిల్న్ విషయంలో ఖచ్చితంగా ఉంది. కిల్న్ ఆగినప్పుడు లోపలి పదార్థం అడుగున సమంగా ఉండదు. తిరిగిన దిశలో ఒక పక్కకు ఎగబాకి ఉంటుంది. బ్రేకు వదిలితే ఆ బరువు కిందికి జారి, కిల్న్ వెనక్కు తిరిగి, కొంతసేపు అటూ ఇటూ ఊగుతుంది. గేర్‌బాక్స్ ద్వారా ఆ ఊగుడు మోటారుకు చేరేసరికి ఎన్నో రెట్లు వేగమవుతుంది. బ్రష్‌ల (తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించే కార్బన్ ముక్కల) దగ్గర చేయి పెట్టిన మనిషికి ఇదే అసలు ప్రమాదం.

కాబట్టి కిల్న్ పూర్తిగా స్థిరపడిందని, బ్రేకు పట్టి ఉందని, సహాయక డ్రైవ్‌ను (కిల్న్‌ను చాలా నెమ్మదిగా తిప్పే విడి ఇంజను, గేర్‌బాక్సును) ఎవరూ తిప్పరని మెకానికల్ విభాగం రాతపూర్వకంగా ఇచ్చాకే చేయి లోపల పెట్టాలి. వీలైతే కప్లింగ్ విప్పడమే ఉత్తమం. పైగా తిరిగే ఆర్మేచర్, ఫీల్డ్ లేకపోయినా, పోళ్లలో (ఫీల్డ్ కాయిళ్లు చుట్టిన ఇనుప భాగాల్లో) మిగిలిన అయస్కాంతత్వం వల్ల కొంత వోల్టేజిని పుట్టిస్తుంది. ఫీల్డ్ ఆన్‌లో ఉంటే మాత్రం అది ప్రాణం తీసేంత వోల్టేజి కాగలదు.

ఇదే సందర్భంలో సహాయక డ్రైవ్ క్లచ్ గురించి కూడా చెప్పాలి. క్లచ్ పట్టి ఉండగా ప్రధాన మోటారును స్టార్ట్ చేస్తే, నెమ్మదిగా తిరగడానికి తయారైన సహాయక గేర్‌బాక్సూ దాని ఇంజనూ విపరీతమైన వేగంతో తిరిగి ముక్కలవుతాయి. క్లచ్ విడిచి ఉంటేనే ప్రధాన డ్రైవ్ స్టార్ట్ అయ్యేలా ఇంటర్‌లాక్ ఉంటుంది. లిమిట్ స్విచ్ ప్యానెల్‌లో దీపం వెలిగించిందని సరిపెట్టుకోకుండా, క్లచ్ దగ్గరికి వెళ్లి కళ్లతో చూడాలి.

కమ్యుటేటర్ మీద ఏం చూడాలి?

మోటారు ఆరోగ్యం గురించి కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్‌లు తాకే రాగి సెగ్మెంట్ల వలయం) చెప్పినంతగా మరే భాగమూ చెప్పదు. మంచి కమ్యుటేటర్ కొత్త రాగిలా మెరవదు. దాని మీద చాక్లెట్ రంగులోనో, కొంచెం లేత గోధుమ రంగులోనో పలుచటి పొర సమంగా పరుచుకుని ఉంటుంది. గ్రాఫైటు, రాగి ఆక్సైడు, గాలిలోని తేమ కలిసి ఏర్పడిన ఆ పొరే బ్రష్ జారడానికి సాయపడుతుంది. శుభ్రంగా కనిపించాలని దానిని రుద్ది తీసేస్తే మంచి మోటారును మనమే పాడు చేసినట్టు.

టార్చి పట్టుకుని ఆర్మేచర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చుట్టూ చూడాలి. చుట్టుకొలత వెంట సన్నని గీతలు పడి ఉంటే బ్రష్ కింద కరెంటు సాంద్రత చాలా తక్కువగా ఉందని గానీ, గాలిలో రాపిడి ధూళి ఉందని గానీ అనుమానించాలి. కిల్న్ మోటారు ఎప్పుడూ తక్కువ లోడుపై నడిస్తే మొదటిది సాధ్యమే. సిమెంటు ధూళి వల్ల రెండోది మన ప్లాంట్లలో సర్వసాధారణం. ఒక సెగ్మెంట్ నల్లబడి, దాని తర్వాత కొన్ని బాగుండి, మళ్లీ ఒకటి నల్లగా కనిపిస్తూ ఆ వరస ఒక క్రమంలో తిరిగి వస్తే, ఆ క్రమాన్ని రాసుకోవాలి. ఆర్మేచర్ చుట్టలో గానీ, రైజర్ (సెగ్మెంట్‌ను ఆర్మేచర్ చుట్టకు కలిపే రాగి పట్టీ) దగ్గర అతుకులో గానీ లోపం ఉన్నప్పుడు అలా వస్తుంది. సెగ్మెంట్ల అంచుల నుంచి రాగి పొరలా సాగి పక్క సెగ్మెంట్ వైపు వంగి ఉంటే ఆ మోటారుకు ఆ రోజు పవర్ ఇవ్వకూడదు. ఆ పొర సెగ్మెంట్లను వేరుచేసే మైకా ఇన్సులేషన్ గాడిని దాటి పక్క సెగ్మెంట్‌ను తాకితే సెగ్మెంట్ల మధ్య షార్ట్ అవుతుంది. లోడు పెరిగినప్పుడు అది కమ్యుటేటర్ చుట్టూ ఫ్లాష్‌ఓవర్‌గా (ఒక్కసారిగా లేచే పెద్ద ఆర్క్‌గా) మారుతుంది.

సెగ్మెంట్ల మధ్య మైకా, రాగి కంటే సుమారు ఒక మిల్లీమీటరు లోతుకు కోసి ఉండాలి. ఆ గాడిలో కార్బన్ పొడి నిండి ఉంటే దాన్ని పీచు బ్రష్‌తో తీయాలి. లోహపు గీకుడు పనిముట్లతో పని చేస్తే మిగిలిన రాగి ముక్క లోపలే ఉండిపోవచ్చు. కమ్యుటేటర్ మొత్తం గుండ్రనితనంలో స్వల్ప తేడా ఉన్నా బ్రష్ దాని వెంట ఎక్కి దిగగలదు. కానీ ఒక్క సెగ్మెంట్ పక్క సెగ్మెంట్ కంటే పైకి లేచి ఉంటే బ్రష్ ఎగిరి, ప్రతి చుట్టుకూ నిప్పురవ్వలు వస్తాయి. డయల్ గేజ్ పెట్టినప్పుడు మొత్తం రీడింగు కంటే పక్కపక్క సెగ్మెంట్ల మధ్య తేడానే ఎక్కువ శ్రద్ధతో చూడాలి.

కమ్యుటేటర్‌ను వేళ్లతో తాకడం కూడా మంచి అలవాటు కాదు. చేతి జిడ్డు ఆ పొరను చెడగొడుతుంది.

బ్రష్‌లను ఎలా పరీక్షించాలి?

ప్రతి బ్రష్‌ను హోల్డరులోంచి పైకి లాగి వదిలినప్పుడు అది అడ్డు లేకుండా జారాలి. ధూళి పట్టి ఇరుక్కున్న బ్రష్ బయటికి చక్కగానే కనిపిస్తుంది. కానీ కమ్యుటేటర్‌ను అది సరిగా తాకదు. అప్పుడు దాని వాటా కరెంటు పక్క బ్రష్‌ల మీద పడి వాటి పిగ్‌టైళ్లు (బ్రష్‌కు కరెంటు తెచ్చే మెత్తని రాగి తీగలు) కాలిపోతాయి. పిగ్‌టైల్ రంగు మారి నీలంగానో నల్లగానో ఉంటే కారణం దాని పక్క బ్రష్‌లోనే వెతకాలి. బిగించే స్క్రూలను కూడా తప్పకుండా సరిచూడాలి. తయారీదారు గీసిన గీత వరకు అరిగిన బ్రష్‌ను మార్చాల్సిందే. అలాంటి గీత లేకపోతే లోపలి పిగ్‌టైల్ రాగి కమ్యుటేటర్‌ను తాకకముందే మార్చాలి.

స్ప్రింగు ఒత్తిడిని స్ప్రింగు త్రాసుతో చూడాలి. స్థిరంగా ఉన్న పారిశ్రామిక మోటార్లకు చదరపు సెంటీమీటరుకు సుమారు 180 నుంచి 250 గ్రాములు మామూలు పరిధి. 25 మి.మీ. వెడల్పు, 32 మి.మీ. పొడవు ఉన్న బ్రష్ తాకే ముఖం 8 చదరపు సెంటీమీటర్లు కనుక, దానికి 1.4 నుంచి 2 కిలోల లాగుడు రావాలి. ఒత్తిడి తక్కువైతే రవ్వలు లేచి బ్రష్ కరెంటు వల్ల అరుగుతుంది. ఎక్కువైతే రాపిడి వల్ల అరుగుతుంది. ఒకే మోటారులో రెండు రకాల గ్రేడ్ల బ్రష్‌లు ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. స్టోరులో ఉన్నదేదో తెచ్చి వేయడం వల్ల వచ్చే నష్టం ఆ ఒక్క బ్రష్‌తో ఆగదు.

కొత్త బ్రష్‌ను కమ్యుటేటర్ వంపుకు తగినట్టు రుద్ది సరిచేయాలి. అందుకు శాండ్ పేపరే వాడాలి. ఎమరీ పేపరు వాడకూడదు. ఎమరీ రేణువులు చాలా గట్టివి. అవి బ్రష్‌లో గుచ్చుకుని రాగిని గీస్తూనే ఉంటాయి. పేపరు గరుకు ముఖం బ్రష్ వైపు ఉండేలా కమ్యుటేటర్ మీద పరిచి, దాని గుండ్రటి వంపును వదలకుండా లాగాలి. చివర్లు పైకెత్తి లాగితే బ్రష్ అంచులు గుండ్రపడి తాకే వైశాల్యం తగ్గిపోతుంది. ముఖంలో మూడొంతులకు పైగా తాకుతున్నట్టు గుర్తు కనిపించేవరకు ఆ మోటారుకు పూర్తి లోడు ఇవ్వకూడదు. హోల్డరు అడుగు భాగానికీ కమ్యుటేటర్‌కూ మధ్య సుమారు 2 మి.మీ. సందు ఉండాలి. దానిని ఫైబరు ముక్కతో కొలవడం మేలు.

లోపలి ధూళిని కంప్రెస్డ్ ఎయిరుతో ఊదవచ్చా?

మొదట వాక్యూమ్ క్లీనరుతో లాగాలి. గట్టిగా ఊదితే కార్బన్ పొడి కాయిళ్ల సందుల్లోకి, ఇన్సులేషన్ వెనక్కు చేరుతుంది. ఆ పొడి విద్యుత్ వాహకం. వాక్యూమ్‌కు అందని మూలల్లో మాత్రం తేమ, నూనె లేని గాలిని తక్కువ ఒత్తిడితో వాడవచ్చు. సిమెంటు ధూళి తేమ తగిలిన చోట గట్టిపడుతుంది కనుక, వానాకాలం తర్వాత తనిఖీలో ఫీల్డ్ కాయిళ్ల అడుగు వైపు ప్రత్యేకంగా చూడాలి.

మోటారు లోపల గానీ, గాలి వచ్చే డక్టుల్లో గానీ సిలికాన్ సీలెంట్ వాడకూడదు. దాని ఆవిరి బ్రష్‌లను అసాధారణ వేగంతో అరిగిస్తుంది. డక్టు లీకును మూయడానికి ఎవరో మంచి ఉద్దేశంతోనే ఆ ట్యూబును తెస్తారు. ముందుగా చెప్పి ఉంచితే తప్ప దాన్ని ఆపలేం.

మెగ్గర్ పరీక్షలో ఏ విలువ వస్తే పవర్ ఇవ్వవచ్చు?

మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పట్టుకునే ముందు డ్రైవ్ కేబుళ్లను మోటారు టెర్మినళ్ల నుంచి విప్పాలి. 500 వోల్టుల పరీక్ష వోల్టేజి థైరిస్టర్లకు, కంట్రోల్ కార్డులకు హాని చేస్తుంది. టాకో జనరేటరు (మోటారు వేగాన్ని కొలిచేది), ఉష్ణోగ్రత సెన్సర్ల వైర్లను కూడా వేరు చేయాలి.

440 వోల్టుల మోటారుకు 500 వోల్టుల డీసీ మెగ్గర్ సరిపోతుంది. మొదట ఆర్మేచర్ సర్క్యూట్ మొత్తానికీ ఎర్త్‌కూ మధ్య చూడాలి. తర్వాత ఫీల్డ్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఆఖరున ఆర్మేచర్‌కూ ఫీల్డ్‌కూ మధ్య చూడాలి. ఆర్మేచర్ రీడింగు తక్కువగా వస్తే బ్రష్‌లన్నీ ఎత్తి, బ్రష్ గేరు, ఇంటర్‌పోల్ (బ్రష్‌ల దగ్గర రవ్వలు తగ్గించే చిన్న పోళ్లు) వైపు ఒకసారి, కమ్యుటేటర్ వైపు ఒకసారి విడివిడిగా కొలవాలి. చాలాసార్లు లోపం ఆర్మేచర్‌లో ఉండదు. బ్రష్ హోల్డరు స్తంభాల ఇన్సులేటర్ల మీద పేరుకున్న కార్బన్ పొరే కారణమవుతుంది. ఆల్కహాల్ లాంటి త్వరగా ఆరే ద్రవంతో తుడిస్తే రీడింగు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఐఈఈఈ (విద్యుత్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ) 43 ప్రమాణం 2000 నాటి ప్రతి, 1970 తర్వాత తయారైన డీసీ ఆర్మేచర్లకు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 100 మెగోములు (ఒక మెగోము అంటే పది లక్షల ఓములు) సూచించింది; 2013 నాటి ప్రతి డీసీ ఆర్మేచర్లకు దాన్ని 5 మెగోములుగా మార్చింది. ఫీల్డ్ వైండింగులకు, అంతకంటే పాత యంత్రాలకు వోల్టేజిని కిలోవోల్టులలో తీసుకుని ఒకటి కలిపితే వచ్చే మెగోములే కనిష్ఠం. 440 వోల్టులకు అది 1.44 మెగోములు. ధూళిలో పనిచేసిన పాత ఆర్మేచర్‌లో 100 మెగోములు తెచ్చుకోవడం కష్టం. అలాంటప్పుడు నిర్ణయానికి అసలు ఆధారం ఆ మోటారు పాత రికార్డే. నిరుడు 40 మెగోములు చూపిన మోటారు ఈ ఏడు 3 చూపిస్తే, కనీస గీత దాటింది కదా అని పవర్ ఇవ్వడం సరైన నిర్ణయం కాదు.

రీడింగు పక్కన వైండింగ్ ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఇన్సులేషన్ నిరోధం సుమారు సగానికి పడిపోతుంది. 30 డిగ్రీల దగ్గర చూసిన 4 మెగోములు, 40 డిగ్రీల దగ్గర 2 మెగోములతో సమానం. పరీక్ష ముగిశాక వైండింగును ఎర్త్‌కు కలిపి ఉంచాలి. పరీక్ష ఎంతసేపు జరిగిందో దానికి నాలుగు రెట్ల సమయమైనా అలా ఉంచడం మంచిది.

ఇన్సులేషన్ తక్కువగా ఉంటే మోటారును ఎలా ఆరబెట్టాలి?

శుభ్రం చేశాక స్పేస్ హీటర్లు ఆన్ చేసి, అవసరమైతే బయటి నుంచి పొడి వేడిగాలి పంపాలి. తేమ బయటికి పోయే దారి తెరిచి ఉంచాలి. వైండింగ్ 80 డిగ్రీలు దాటకుండా, నెమ్మదిగా వేడిచేయడం క్షేమం. ప్రతి గంటకూ మెగ్గర్ రీడింగు రాయాలి. వేడి పెరుగుతున్న కొద్దీ రీడింగు మొదట పడిపోతుంది. దాన్ని చూసి భయపడి ఆపేయకూడదు. తర్వాత అది పైకి లేచి నిలకడగా ఉన్నప్పుడే తేమ పోయినట్టు.

ఆగి ఉన్న మోటారు ఆర్మేచర్‌లోకి కరెంటు పంపి వేడి చేసే పద్ధతిని మాత్రం వాడకూడదు. ఆర్మేచర్ కదలకుండా ఉంటే ఆ కరెంటంతా బ్రష్‌ల కింద ఉన్న కొన్ని సెగ్మెంట్ల గుండానే పోతుంది. అవి ఉబ్బి లేచిపోతాయి, లేదా కాలి మచ్చలు పడతాయి. ఆ తర్వాత కమ్యుటేటర్‌ను లేతు మీద తిప్పి సరిచేయాల్సి వస్తుంది.

ఆర్మేచర్ కంటే ముందు ఫీల్డ్‌కే పవర్ ఎందుకు ఇవ్వాలి?

డీసీ మోటారు భద్రతలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

తిరిగే ఆర్మేచర్‌లో సరఫరాకు ఎదురుగా ఒక వోల్టేజి పుడుతుంది. అది ఫీల్డ్ అయస్కాంత బలం మీద, వేగం మీద ఆధారపడుతుంది. మోటారు వేగం ఎప్పుడూ ఈ ఎదురు వోల్టేజి సరఫరా వోల్టేజికి దగ్గరగా వచ్చేచోట స్థిరపడుతుంది. ఫీల్డ్ సగానికి తగ్గితే అదే ఎదురు వోల్టేజి పుట్టడానికి వేగం రెట్టింపు కావాలి. ఫీల్డ్ తెగిపోతే పోళ్లలో మిగిలిన కొద్దిపాటి అయస్కాంతత్వంతోనే ఆ వోల్టేజిని పుట్టించడానికి మోటారు ఎడతెగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. లోడు లేనప్పుడు ఇది కొన్ని క్షణాల్లో జరుగుతుంది. ఆర్మేచర్‌ను కట్టి ఉంచిన బ్యాండ్లు తెగి కాయిళ్లు బయటికి చిమ్ముతాయి, కమ్యుటేటర్ సెగ్మెంట్లు ఊడి వస్తాయి. మోటారు పక్కన నిలబడిన మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. లోడు గట్టిగా ఉంటే మోటారు వేగం అందుకోలేదు గానీ, టార్క్ లేక కరెంటు మాత్రం పెరిగిపోతుంది.

కాబట్టి ఫీల్డ్ కరెంటు వచ్చిందని, నేమ్‌ప్లేటు విలువకు చేరిందని, నిలకడగా ఉందని అమ్మీటరులో చూసేవరకు ఆర్మేచర్‌కు ఒక్క వోల్టు కూడా ఇవ్వకూడదు. ఫీల్డ్ వోల్టేజి చూసి సరిపెట్టుకోవద్దు. తెగిన ఫీల్డ్ టెర్మినళ్ల దగ్గర కూడా పూర్తి వోల్టేజి కనిపిస్తుంది. కరెంటు ఒక్కటే నిజం చెబుతుంది.

సిరీస్ మోటార్లలో ఫీల్డ్ కరెంటే లోడు కరెంటు. లోడు లేకపోతే ఫీల్డ్ కూడా బలహీనపడి వేగం అదుపు తప్పుతుంది. అందుకే సిరీస్ మోటారును కప్లింగ్ విప్పి ట్రయల్ చూడటం అనే మాటే ఉండకూడదు. కిల్న్ మోటార్లు సాధారణంగా విడి ఫీల్డ్ సరఫరా ఉన్నవే కనుక పూర్తి ఫీల్డ్‌తో విడిగా తిప్పి చూడవచ్చు. అదే ప్లాంటులో పాత క్రేను సిరీస్ మోటార్లు కూడా ఉంటే ఈ తేడా అందరికీ తెలిసి ఉండాలి.

ఫీల్డ్ నిరోధం కొలిచినప్పుడు నేమ్‌ప్లేటు లెక్కకు తేడా వస్తోంది. లోపమా?

ఉష్ణోగ్రత చూడకుండా చెప్పలేం. నేమ్‌ప్లేటు మీద 220 వోల్టులు, 10 ఆంపియర్లు ఉంటే వేడెక్కిన స్థితిలో నిరోధం 22 ఓములు. అది 100 డిగ్రీల విలువ అనుకుంటే, 30 డిగ్రీల దగ్గర అదే రాగి సుమారు 17.4 ఓములే చూపుతుంది. అందుచేత చల్లని మోటారుకు పూర్తి 220 వోల్టులు ఇస్తే 12.6 ఆంపియర్ల వరకు పోతుంది. ఫీల్డ్ కరెంటును డ్రైవే నియంత్రించేచోట ఇది సమస్య కాదు. స్థిర వోల్టేజి బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు) ఉన్నచోట ఫ్యూజు ఎంపికలో దీన్ని గుర్తుంచుకోవాలి.

ఉష్ణోగ్రత సవరించాక కూడా నిరోధం తక్కువగా ఉంటే ఏదో ఒక పోలు కాయిల్‌లో చుట్లు షార్ట్ అయి ఉండవచ్చు. ఫీల్డ్‌కు కొద్దిపాటి వోల్టేజి ఇచ్చి ఒక్కో పోలు కాయిల్ మీద డ్రాప్ కొలిస్తే, తక్కువ చూపేదే దోషి.

ఫీల్డ్‌ను కొలిచేటప్పుడు మీటరు వైర్ల లోహపు కొనలను చేతితో పట్టుకోకూడదు. ఫీల్డ్ కాయిళ్లకు ఇండక్టెన్స్ చాలా ఎక్కువ. కొద్ది కరెంటును తెంచినా ఎదురుదెబ్బలా వేల వోల్టులు పుట్టగలవు. ఇదే కారణంగా పనిచేస్తున్న ఫీల్డ్ సర్క్యూట్‌లో కరెంటును వేరే దారిలో పోనిచ్చే డిశ్చార్జి రెసిస్టరో, ఫ్రీవీలింగ్ డయోడో ఉందో లేదో చూడటం తనిఖీలో భాగం కావాలి.

ఫీల్డ్ లాస్ రక్షణ పనిచేస్తుందని ఎలా నిర్ధారించుకోవాలి?

ఆర్మేచర్ కేబుళ్లు విప్పి, లేదా ఆర్మేచర్ ఫ్యూజులు తీసి ఉంచి, ఫీల్డ్ ఒక్కటే ఆన్ చేయాలి. తర్వాత ఫీల్డ్ సరఫరాను ఆపి, రిలే లేదా డ్రైవ్ నిజంగా ట్రిప్ ఇచ్చి మెయిన్ కాంటాక్టరును తెరుస్తుందో లేదో చూడాలి. స్క్రీన్ మీద సందేశం రావడం సగం పనే. కాంటాక్టరు తెరుచుకున్నప్పుడే పరీక్ష పూర్తయినట్టు. ఓవర్‌స్పీడ్ స్విచ్ ఉంటే దాని కాంటాక్టును తెరిచి అదే విధంగా చూడాలి. ట్రయల్స్ సమయంలో ఎవరైనా ఈ రక్షణను బైపాస్ చేసి ఉంటే ఆ జంపరు ఇంకా అక్కడే ఉందేమో టెర్మినళ్ల దగ్గర స్వయంగా చూసి తీయాలి.

టాకో జనరేటరు అంత ముఖ్యమా?

వేగం ఎంతో డ్రైవ్‌కు చెప్పేది టాకోయే. దాని కప్లింగ్ జారినా, వైరు తెగినా వేగం సున్నా అని డ్రైవ్ అనుకుని, వోల్టేజిని పెంచుతూ పోతుంది. పోలారిటీ తారుమారైనా ఫలితం అదే. డ్రైవ్‌లో టాకో లాస్ ట్రిప్ ఆన్‌లో ఉందని చూడాలి. మొదటి ట్రయల్‌ను టాకో లేకుండా ఆర్మేచర్ వోల్టేజి ఫీడ్‌బ్యాక్‌తో నడపడం మంచి పద్ధతి. అలా తక్కువ వేగంలో తిప్పుతూ టాకో వోల్టేజినీ దాని దిశనూ మీటరులో చూసి, సరిగా ఉందని తేలాకే దాన్ని లూపులోకి తేవాలి.

ఆర్మేచర్‌కు నేరుగా పూర్తి వోల్టేజి ఇస్తే ఏమవుతుంది?

250 కిలోవాట్ల, 440 వోల్టుల మోటారుకు పూర్తి లోడు కరెంటు సుమారు 620 ఆంపియర్లు. ఆర్మేచర్ సర్క్యూట్ నిరోధం 0.03 ఓములు ఉందనుకుందాం. ఆగి ఉన్నప్పుడు ఎదురు వోల్టేజి ఉండదు కనుక, నిరోధం ఒక్కదాన్ని బట్టి లెక్కిస్తే 14,000 ఆంపియర్లకు పైగా వస్తుంది. ఇండక్టెన్స్, కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని కొంత అడ్డుకున్నా, కమ్యుటేటర్ ఫ్లాష్ కావడానికి మిగిలింది చాలు. పాత స్టార్టర్లలో రెసిస్టర్లు ఈ కరెంటును అడ్డుకునేవి. ఇప్పుడు డ్రైవ్ కరెంటు లిమిట్ ఆ పని చేస్తుంది. అందుకే మొదటిసారి ఆన్ చేసే ముందు ఆ సెట్టింగును దాదాపు 20 శాతానికి తగ్గించి ఉంచాలి.

డీసీ ఆర్క్ గురించి కూడా ఒక మాట. ఏసీ కరెంటు ప్రతి సైకిల్‌లోనూ సున్నాను దాటుతుంది కనుక ఆర్క్ ఆరిపోయే వీలుంటుంది. డీసీలో ఆ వీలు లేదు. కాబట్టి ఫ్యూజైనా, బ్రేకరైనా ఆ వోల్టేజికి డీసీ రేటింగ్ ఉన్నదే పెట్టాలి. లోడులో ఉన్న ఐసోలేటరును తెరవకూడదు.

అన్నీ చూశాం. పవర్ ఇచ్చే వరస ఏమిటి?

కప్లింగ్ విప్పి ఉండగానే మొదలుపెట్టడం మంచిది. పనిముట్లు, గుడ్డలు లోపల మిగలలేదని చూసి కవర్లు మూయాలి. హీటరు ఆఫ్ అయిందని చూడాలి. బ్లోయరు స్టార్ట్ చేసి దాని దిశ చూడాలి. సెంట్రిఫ్యూగల్ బ్లోయరు ఉల్టా తిరిగినా కొంత గాలి వస్తూనే ఉంటుంది. కనుక గాలి వస్తోందన్న మాట సరిపోదు. బాణం గుర్తుతో పోల్చాలి, ఫిల్టరు శుభ్రంగా ఉండాలి, ప్రెషర్ స్విచ్ పనిచేయాలి. తర్వాత ఫీల్డ్ ఆన్ చేసి కరెంటు నిలకడను కొన్ని నిమిషాలు గమనించాలి. కరెంటు లిమిట్ తక్కువగా, వేగం రిఫరెన్స్ (ఎంత వేగం కావాలో డ్రైవ్‌కు ఇచ్చే ఆదేశం) సున్నాగా ఉందని చూసుకుని ఆర్మేచర్ కాంటాక్టరును మూసి, రిఫరెన్స్‌ను కొద్దికొద్దిగా పెంచాలి. ఒక మనిషి ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర నిలబడాలి. ఆ బటన్ పనిచేస్తుందని ముందే నొక్కి చూసి ఉండాలి. షాఫ్టుకు ఎదురుగా గానీ, కమ్యుటేటర్ కిటికీలకు ఎదురుగా గానీ ఎవరూ నిలబడకూడదు.

5 నుంచి 10 శాతం వేగంలో దిశ, బేరింగుల శబ్దం, బ్రష్‌ల తీరు చూసి, తర్వాత మెట్లమెట్లుగా పెంచాలి. ప్రతి మెట్టులో ఆర్మేచర్ వోల్టేజి, కరెంటు, ఫీల్డ్ కరెంటు, వేగం రాసుకోవాలి. పూర్తి ఫీల్డ్‌తో ఉన్నంతవరకు వేగం వోల్టేజికి అనుపాతంలో ఉండాలి. సగం వోల్టేజికి సగాన్ని బాగా దాటి వేగం కనిపిస్తే ఫీల్డ్ బలహీనంగా ఉందని అర్థం. వెంటనే ఆపాలి.

డ్రైవ్ ఆటోట్యూన్ (మోటారు విలువలను డ్రైవే కొలుచుకునే పరీక్ష) చేసేటప్పుడు చాలా డ్రైవ్‌లు ఫీల్డ్ ఆఫ్ చేసి ఆర్మేచర్‌లోకి కరెంటు పంపుతాయి. మిగిలిన అయస్కాంతత్వం వల్ల షాఫ్టు కదిలే అవకాశం ఉంది. షాఫ్టును కదలకుండా పట్టి ఉంచి, మాన్యువల్ చెప్పిన సమయానికి మించకుండా ఆ పరీక్ష ముగించాలి.

దిశ తప్పుగా ఉంటే ఏ వైర్లు మార్చాలి?

ఫీల్డ్ రెండు వైర్లనో, ఆర్మేచర్ రెండు వైర్లనో, ఏదో ఒకదాన్నే తారుమారు చేయాలి. రెండూ మారిస్తే దిశ మారదు. ఇంటర్‌పోల్, కాంపెన్సేటింగ్ వైండింగులు ఆర్మేచర్‌లో భాగమే. వాటిని కలిపే మార్చాలి. విడదీసి ఆర్మేచర్ ఒక్కదాన్నే మారిస్తే ఇంటర్‌పోల్ ఉల్టా పనిచేసి తీవ్రంగా రవ్వలు వస్తాయి. సిరీస్ వైండింగ్ కూడా ఉన్న కాంపౌండ్ మోటారులో ఫీల్డ్, సిరీస్ ఒకదానికొకటి సాయపడే దిశలోనే ఉండాలి. ఎదురుగా పడితే లోడు పెరిగే కొద్దీ ఫీల్డ్ బలహీనపడి వేగం అదుపు తప్పుతుంది. ఆ మోటార్లకు ఆర్మేచర్ వైపు మార్చి, సిరీస్‌ను కదపకుండా ఉంచడం క్షేమం. వైర్లు మార్చిన ప్రతిసారీ తాళం, ట్యాగు, టెస్టర్ పరీక్ష మొదటి నుంచి మళ్లీ చేయాలి.

ట్రయల్‌లో చిన్న రవ్వలు కనిపిస్తున్నాయి. ఆపాలా?

బ్రష్ వెనుక అంచు దగ్గర అక్కడక్కడ చుక్కల్లాంటి నీలిరంగు రవ్వలు, పొర ఇంకా ఏర్పడని కొత్త బ్రష్‌లతో రావచ్చు. వాటిని గమనిస్తూ తక్కువ లోడుపై కొన్ని గంటలు నడపవచ్చు. రవ్వలు పసుపుగా, పొడవుగా సాగినా, లోడుతో పాటు పెరిగినా, ఒకే బ్రష్ స్తంభం దగ్గర మాత్రమే కనిపించినా ఆపాలి. బ్రష్ రాకరు (బ్రష్ హోల్డర్లను మోసే, జరపగల చట్రం) న్యూట్రల్ (రవ్వలు అతి తక్కువగా వచ్చే స్థానం) గుర్తు మీద ఉందో లేదో చూడాలి. గుర్తు మీద నమ్మకం లేకపోతే, ఆర్మేచర్ నిశ్చలంగా ఉండగా ఫీల్డ్‌కు తక్కువ డీసీ ఇచ్చి తెంచుతూ, బ్రష్‌ల మధ్య మిల్లీవోల్టు మీటరు ముల్లు అతి తక్కువగా కదిలే స్థానాన్ని వెతకాలి. అదే న్యూట్రల్.

ట్రయల్ తర్వాత కిల్న్ ఇంకా రెండు రోజులకు గానీ లైట్అప్ కాదు (దానిలో మంట వెలిగించరు). మోటారును ఎలా ఉంచాలి?

ఆర్మేచర్ ఆగి ఉండగా ఫీల్డ్‌ను పూర్తి కరెంటుతో వదిలేయకూడదు. 220 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే 2.2 కిలోవాట్ల వేడి. బ్లోయరు కూడా ఆగి ఉంటే ఆ వేడి పోళ్లలోనే నిలిచి కాయిళ్ల ఇన్సులేషన్‌ను మాడుస్తుంది. డ్రైవ్‌లో ఫీల్డ్ ఎకానమీ సెట్టింగు ఉంటే దాన్ని వాడి తగ్గించాలి. లేకపోతే ఫీల్డ్ ఆఫ్ చేసి స్పేస్ హీటరు ఆన్‌లో ఉంచాలి. గాలి డక్టు డాంపరు మూసి, ధూళి రాకుండా చూడాలి. లైట్అప్ రోజున కప్లింగ్ బిగించాక, స్టార్ట్ చేసే ముందు ఇన్సులేషన్, క్లచ్, ఫీల్డ్ కరెంటు ఈ మూడింటినీ మళ్లీ చూసి, రీడింగులను పాత రికార్డు పక్కనే తేదీతో రాసి, షిఫ్ట్ ఇంజనీరు సంతకం తీసుకోవాలి.